గవరయ్య కొడుకు కట్టిన సీటు

మా ఆయన పేరు గురువులు. ఏది కట్టినా మోకాలు పెట్టి కడతాడు. పెళ్ళయిన కొత్తలో వాట్‌గంజ్‌లో గది మారినప్పుడు మా ట్రంకుపెట్టెను రిక్షాబండి మీద ఆయన కట్టిన తీరు చూసి బండివాడు నవ్వాడు. దించేటప్పుడు విప్పడానికి అరగంట పట్టేసరికి అదే నోటితో తిట్టాడు. మా ఇంట్లో బట్టలారేసే తాడు తెగుతుంది గాని ఆయన వేసిన ముడి ఊడదు.

ఇది మా మామగారు గవరయ్య నుంచి వచ్చిన జబ్బు. ఆయన సోంపేట వైపు నుంచి వచ్చి, ఖిదిర్‌పూర్ డాకు రేవులో ఓడల లోపల సరుకు కదలకుండా కట్టే గ్యాంగులో చేరాడు. ఆ గ్యాంగులో ఒక పద్ధతి ఉండేది. కట్టు బిగించి, కుదిపి చూసి, కదలదని తేలాక కట్టినవాడు తన రంగు గుడ్డపేలిక దానికి ముడేస్తాడు. మామగారిది ఎరుపు. గుడ్డ ఉన్న కట్టును ఇంకొకడు ముట్టుకోడు, మళ్ళీ కుదిపి చూడడు కూడా. చూస్తే కట్టినవాణ్ణి అవమానించినట్టే. తప్పనిసరై విప్పితే గుడ్డ తీసి అతని చేతికివ్వాలి. కట్టు జారి సరుకు దొర్లిందా, గ్యాంగు పెద్ద అయిన సర్దారు అందరి ముందూ ఆ గుడ్డ కోసేస్తాడు. తన గుడ్డ ముప్పై ఏళ్ళలో ఒక్కసారీ కోయలేదని మా మామగారు పోయేదాకా చెప్పుకున్నాడు. వినీ వినీ మేం అలిసిపోయాం.

డాకులో పనులు తగ్గిపోయి మా ఆయన డ్రైవరయ్యాడు. 2008లో న్యూ టౌన్ ఫ్లాట్లలో తెలుగువాళ్ళ కారు దొరికింది. సోమశేఖర్, లలితాంబ. ఇద్దరివీ కంప్యూటరు ఉద్యోగాలే, హైదరాబాదు నుంచి వచ్చారు. వాళ్ళకి రెండేళ్ళ పాప. పొద్దున్నే లలితాంబ పాపను క్రెష్‌లో దింపి ఆఫీసుకు వెళ్తుంది.

ఒకరోజు పాపకని ఎవరో సింగపూర్ నుంచి కారు సీటు తెచ్చారు. దాన్ని వెనక సీటు మీద పెట్టి కారు బెల్టుతోనే బిగించాలి. సోమశేఖర్ చెమటలు కక్కి వదిలేశాడు. మా ఆయన ఆ పుస్తకంలో బొమ్మలు చూస్తూ గంటసేపు కూర్చున్నాడు. బెల్టును సీటు వెనక సందులోంచి దూర్చి, తాళంలో పెట్టి, మోకాలు సీటులో వేసి ఒంటి బరువంతా మోపి, వదులంతా లాగాడు. అయినా కాసేపటికి బెల్టు మెల్లగా జారుతోంది. ఆఖరి బొమ్మలో చిన్న ఇనప క్లిప్పు కనిపించింది. వెతికితే అట్టపెట్టె అడుగున దొరికింది. నడుము మీదికి వచ్చే పట్టీని, భుజం మీదికి వచ్చే పట్టీని తాళం పక్కనే కలిపి ఆ క్లిప్పులో ఇరికించాడు. ఇక కుదిపితే సీటు కదల్లేదు, కారే ఊగింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి నా పాత ఎర్రచీర అంచు చింపమన్నాడు.

"ఎందుకేటి?" అన్నాను.

"సీటు కట్టినాను. గుడ్డ ఎయ్యాల."

నవ్వాను గాని చింపి ఇచ్చాను. మర్నాడు అది బెల్టుకు కడుతుంటే లలితాంబ, "పార్టీ జెండానా గురువులు గారూ?" అని ఆటపట్టించిందట. ఈయన గ్యాంగు పద్ధతంతా చెప్పాడు. "సీటు తియ్యాలంటే నాకొక్క ఫోను సెయ్యండమ్మా, ఆదివారమైనా వత్తాను. మీరు మాత్రం ముట్టుకోకండి" అన్నాడు. మొగుడూ పెళ్ళాలిద్దరూ సరేనన్నారు.

రెండుసార్లు అలాగే ఫోను చేశారు కూడా. ఆదివారం పూట బస్సులు మారి పోయి విప్పాడు, సాయంత్రం పోయి మళ్ళీ బిగించాడు. నేను సణిగితే, "పసిగుంట కూకునే సీటే అది" అన్నాడు. "మీరుంటే నాకు బెంగ లేదు గురువులు గారూ" అని లలితాంబ అన్న మాట నాకు నాలుగుసార్లు చెప్పాడు. పొంగిపోయాడు పిచ్చి మనిషి.

మరుసటి ఏడు వానాకాలంలో ఒక సోమవారం. కారు తుడుస్తూ లోపలికి చూశాడు. ఎర్రగుడ్డ ఉంది. అందుకని సీటు కుదిపి చూడలేదు. కట్టిన గుడ్డను అనుమానించడం వాళ్ళ ఇంటా వంటా లేదు. లలితాంబ పాపను కూర్చోబెట్టి పట్టీలు పెట్టింది. దారిలో ఒక మినీబస్సు అడ్డంగా దూరింది. ఈయన బ్రేకు తొక్కాడు. కారు ఆగింది గాని పాప సీటు ఆగలేదు. ముందుకు జారి, పాప మొహం ముందు సీటుకు కొట్టుకుంది.

పై పెదవి చీలి మూడు కుట్లు పడ్డాయి. రెండు పాలపళ్ళు విరిగాయి.

ఆస్పత్రిలో సోమశేఖర్ నలుగురి ముందూ, "నిన్ను నమ్మినందుకు ఇదా?" అన్నాడు. మా ఆయన లలితాంబ వైపు చూశాడు. ఆమె తలెత్తకుండానే, "మీరే కదా కట్టింది గురువులు గారూ" అంది. రేపటి నుంచి రావద్దన్నారు. ఈయన కారు తాళాలు ఇచ్చే ముందు, సర్దారు చేసే పని తనే చేశాడు. బ్లేడుతో ఎర్రగుడ్డ కోసి జేబులో వేసుకున్నాడు.

"మా అయ్య గుడ్డ కోయించేసినాను" అన్నాడు ఇంటికొచ్చి. అన్నం ముట్టలేదు. ఇంకో కారు చూసుకోమంటే, "ఇంకొకరి పిల్లల్ని నా సేతిలో ఎట్టకూడదే" అన్నాడు.

మూడో రోజు చొక్కా ఉతకబోతే జేబులో గుడ్డ చేతికి తగిలింది. ఒకపక్క కోసి ఉంది గాని ముడి అలాగే ఉంది. ఇరవై ఏళ్ళుగా ఆ మనిషి ముళ్ళు విప్పుతున్నదాన్ని. రెండు చుట్లు తిప్పి కొస లోపలికి దోపుతాడు. ఇదేమో రెండు చెవులు నిలబెట్టి వేసిన బూటులేసు ముడి.

"నువ్వు బూట్లు ఎప్పుడేసినావు?" అని గుడ్డ ఆయన ముందు పడేశాను.

దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సీటు తీసినారని కాదే నా బాద. గుడ్డ సంగతి నానే సెప్పినాను. అది ఇని, మల్లా నా గుడ్డ కట్టినారు" అన్నాడు.

వెళ్ళి ఆ గుడ్డ వాళ్ళ మొహాన కొట్టి రమ్మన్నాను. కదల్లేదు. నెల తర్వాత వాళ్ళే ఫోను చేశారు. కొత్త డ్రైవరు బిగిస్తే సీటు ఊగుతోందట, ఒక్కసారి వచ్చి కట్టి వెళ్ళాలట. నాకు ఒళ్ళు మండింది. "సిగ్గుందా నీకు?" అన్నాను, చొక్కా తగిలించుకుంటున్న మా ఆయనతో.

"గుంట ఏటి సేసిందే?" అన్నాడు.

ఒక్కణ్ణే పంపితే నోరు విప్పడని గుడ్డ కొంగున మూటగట్టి నేనూ బయల్దేరాను. వాళ్ళ ఫ్లాట్ల కింద కారు దగ్గరే ఇద్దరూ నిలబడి ఉన్నారు. బెల్టుకు ఉండాల్సిన ఇనప క్లిప్పు లేదు. వెతికితే కారులోనే, ముందు అరలో కాగితాల కింద దొరికింది. నేను గుడ్డ తీసి, "ఈ ముడి ఎవరిది బాబూ?" అని అడిగాను. సోమశేఖర్ ఫోనులోకి చూసుకున్నాడు.

"ఆ ఆదివారం మా అత్తగారు వస్తే సామాను ఎక్కువైంది" అంది లలితాంబ మెల్లగా. "మిమ్మల్ని పిలిస్తే ఆలస్యమని ఆయనే తీసి, మళ్ళీ పెట్టారు. గుడ్డ లేకపోతే మీరు నొచ్చుకుంటారని..."

"మరి ఆస్పత్రిలో సెప్పలేదేటమ్మా?" అన్నాను.

"అత్తగారు పక్కనే ఉన్నారు."

తిడదామని నోరు తెరిచాను. మా ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. మోకాలు సీటులో వేశాడు, బెల్టు లాగాడు, క్లిప్పు ఇరికించాడు, కుదిపాడు. కారు ఊగింది. పాప విరిగిన పళ్ళతో నవ్వుతూ చేతులు చాస్తే ఎత్తి కూర్చోబెట్టాడు. తర్వాత నా చేతిలోని గుడ్డ తీసుకుని, ఆ లేసు ముడి ఒక్క లాగుతో విప్పి జేబులో పెట్టుకున్నాడు.

"గుడ్డ కట్టరా గురువులు గారూ?" అంది లలితాంబ.

"కట్టనమ్మా. గుడ్డ ఉంటే నాను సూసినానని ఎవురూ మల్లా సూడరు. ఇకమీద రోజూ పొద్దున్న మీరే కుదిపి సూసుకోండి."