ముందు లోపం చూపిన మేస్టారు

నిన్న మా మనవరాలు కొత్త చీర మడత విప్పేసరికి గదంతా పట్టు వాసన కమ్ముకుంది. ఆ వాసనకి బరంపురంలో మా నాన్న పట్టుబట్టల కొట్టూ, అక్కడ తెల్లదుప్పటి పరిచిన పరుపు మీద ఇబ్బందిగా కూర్చున్న నరసింహం మేస్టారూ గుర్తొచ్చారు. ఆయనది ఆ దగ్గర్లోని చికిటి. కాలేజీలో మాకు అర్థశాస్త్రం చెప్పేవారు. నల్లకోటు భుజాన సుద్దపొడి లేకుండా ఆయన్ని ఎవరూ చూసి ఉండరు. గంట కొట్టినా పాఠం ఆపేవారు కాదు. ఆకలేస్తోందండీ అని గొణిగితే, "ఆకలేస్తే సాలదురా, సేతిలో డబ్బుండాల. అప్పుడే దాన్ని గిరాకీ అంటారు" అని ఆ ఆకలిమీదే ఇంకో పావుగంట చెప్పేవారు.

అప్పటికింకా మా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. ఇంటర్ అయ్యాక బి.ఏ. మా ఊళ్ళోనే రెండేళ్ళలో పూర్తవుతుంది. ఆనర్సు కావాలంటే మద్రాసు వెళ్ళి మూడేళ్ళు చదవాలి. నాకు ఆనర్సు పిచ్చి పట్టింది. నాన్నేమో చదివింది చాలు, కొట్లో కూర్చోమంటాడు. ఆయన ఎదుట నోరు పెగలక మేస్టారిని వెంటబెట్టుకొచ్చాను.

"రెండేళ్ళకయ్యే పట్టాకి మూడేళ్ళెందుకండీ? ఆ పై యేడు ఏటి సెప్తారు?" అన్నాడు నాన్న.

"పాసు బి.ఏ. అంటే అన్నీ తలా కొంచెం, సావుకారు గారూ. ఆనర్సు అలా కాదు. ఇంగ్లీషు మొదట్లోనే వదిలించేసి, ఇక ఒకటే సదువు. ధరలెందుకు పెరుగుతాయి, బేంకులెలా నడుస్తాయి, పన్నులు ఎవరి నెత్తిన పడతాయి..."

మేస్టారు వేళ్ళు మడుస్తున్నకొద్దీ నాన్న ముఖం విప్పారింది. పని అయిపోయిందనుకున్నాను. అంతలో మేస్టారు గొంతు సవరించుకున్నారు.

"ఒక్క మాట. మిగతా పేపర్లన్నీ మూడో యేడు ఆఖర్నే, వరసగా. ఒక్కసారే రాయనిస్తారు. తప్పితే మళ్ళీ ఆనర్సు లేదు. మార్కులు సూసి దయతలిస్తే పాసు పట్టా ఇస్తారు."

"అలాగైనోళ్ళు ఉన్నారేటి?"

"నేనే. జొరమొచ్చి రెండు పేపర్లు రాయలేకపోయాను. నాది పాసు పట్టా."

అడగని సంగతి చెప్పి నోటి దగ్గర కూడు పడగొట్టారే అని ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. మా కొట్లో తాతలనాటి కట్టుబాటు ఒకటుంది. చీర నేతలో ఎక్కడైనా పోగు తప్పితే, బేరం మొదలవకముందే ఆ చోటు కొనేవాళ్ళకి చూపాలి. నాన్న లేచి వచ్చి, మేస్టారి భుజం మీది సుద్దపొడి దులిపి, నావైపు తిరిగాడు.

"ఎల్లరా. లోపం ముందు సూపినోరి మాట మీద సరుకు కొనొచ్చు."

మూడేళ్ళ తర్వాత రెండో తరగతిలో ఆనర్సు నెగ్గి ఇంటికి కూడా పోకుండా రైలు దిగి నేరుగా మేస్టారి గుమ్మంలో నిలబడ్డాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నేనొదిలేసిన రెండు పేపర్లూ నువ్వు రాసేసినావురా" అన్నారు. నేను ఏడ్చేశాను.

తర్వాత నేనూ పాఠాలు చెప్పే ఉద్యోగంలోనే తల నెరిపించుకున్నాను. ఆనర్సు గురించి అడగవచ్చిన పిల్లలకి ముందుగా ఆ ఒక్కసారి పరీక్ష సంగతే చెప్పేవాణ్ణి. ఎంత ఆశతో వచ్చారో, ఆ ఒక్క మాటకే వెనుదిరిగిపోతారేమోనని ప్రతిసారీ భయమేసేది. ఆ రోజు మా కొట్లో ఆయనకీ అలాగే ఉండి ఉంటుంది.