నాలుగంగుళాలు తక్కువ

వంటగది అలమరాలు చేసే ఆ మేస్త్రిని అందరూ అంగుళం మేస్త్రి అంటారు. మూడుసార్లు కొలవనిదే ఆయన రంపం ముట్టడు. కొలత తప్పానన్న మాట, పెళ్లయిన ముప్పై ఏళ్లలో ఆయన నోట భార్య ఒక్కసారీ వినలేదు. ఎవరైనా తప్పు చూపిస్తే గోడే వంకర అనేవాడు. కొన్నిసార్లు అది నిజం కూడా.

అలాంటి మనిషి పరువు కిందటి వారం కంప్యూటరు తీసింది. చేయబోయే అలమరాలను తెర మీద తిప్పి చూపిస్తుంటే తలుపు సగం తెరుచుకుని ఆగిపోయింది. "మా ఇంట్లో కూడా ఇలాగే ఇరుక్కుంటుందా?" అని నవ్వింది వంటగది పని చేయించుకోవాలని వచ్చిన డాక్టరమ్మ. ఆవిడ నవ్వి మరచిపోయింది కానీ, ఈయనకు రెండు రోజులు ముద్ద దిగలేదు. ఆయన చేసిన తలుపు ఏనాడూ ఇరుక్కోలేదు మరి! శనివారం నాలుగింటికి మళ్లీ వస్తానంది ఆవిడ. అప్పుడూ ఇదే వరసయితే ఆ ఇంటి పనంతా షోరూమువాళ్లకే పోతుంది.

కంప్యూటర్ షాపతను చూసి తేల్చేశాడు. బొమ్మల పని కూడా ప్రాసెసరే ఈడుస్తోందట, విడిగా గ్రాఫిక్స్ కార్డు పెట్టాలట. తానే వచ్చి బిగిస్తానన్నాడు. మేస్త్రికి రోషం వచ్చింది.

"చెక్కకు స్క్రూ బిగించేవాణ్ణి, రేకుకు బిగించలేనా?"

బిగించాడు, బ్రహ్మాండంగానే. కార్డు ఒకవైపు వెంట్రుకవాసి కుంగినట్టు కనిపిస్తే ప్రాణం ఒప్పక, చిన్న టేకుముక్కను చిత్రిక పట్టి కింద ఊతం పెట్టాడు. స్విచ్ వేశాడు. బొమ్మ వచ్చింది. తలుపు తెరిచాడు. సగంలో ఆగింది.

అప్పటికి శనివారం మూడున్నర. షాపతన్నీ, కార్డునీ, దాన్ని కనిపెట్టినవాణ్ణీ వరసబెట్టి తిట్టాడు మేస్త్రి. జిగురు డబ్బాలు సర్దుతున్న భార్య వచ్చి కంప్యూటర్ పెట్టె వెనక్కి తొంగి చూసింది.

"ఏవండీ, కార్డుకి వేరే సాకెట్ ఉంది కదా, వైరు అందులో పెడితేనేగా అది పనిచేసేది. తెర వైరు పాతదాంట్లోనే పెట్టారేం?"

పెట్టక చస్తాడా? వేలాడే వైరంటే ఆయనకు ఒళ్లుమంట. అందుకే ఎప్పుడో బల్లకు గాడి తీసి, వైరంతా అందులో పడుకోబెట్టి, పైన చెక్కపట్టీ అతికించి, పాత సాకెట్‌కు సరిగ్గా అందేంత కొసే బయటికి వదిలాడు. కొత్త సాకెట్ నాలుగంగుళాలు కింద ఉంది. లాగితే వైరు రాదు, పట్టీ పీకితే బల్ల పాడవుతుంది.

"కాస్త వదులు ఉంచమని అప్పుడే మొత్తుకున్నాను" అంది భార్య.

మేస్త్రి గోడ వైపు చూశాడు. ఈసారి గోడ అక్కరకు రాలేదు.

కిందికి రాని వైరు కోసం పెట్టెనే పైకి లేపాడు. ఆ వడ్రంగి షెడ్డులో చెక్కముక్కలకు కొదవా! నాలుగంగుళాల దిమ్మలు నాలుగు పెట్టి వైరు గుచ్చేసరికి డాక్టరమ్మ గుమ్మంలో ఉంది.

తెర మీద తలుపు వెన్నలా తెరుచుకుంది. ఆవిడ ముచ్చటపడి రెండుసార్లు మూయించి తెరిపించింది. తర్వాత చూపు కిందికి పోయింది.

"పెట్టె కింద ఈ దిమ్మలేంటి మేస్త్రీ?"

నేల వంకర అంటాడనుకుని భార్య కళ్లు మూసుకుంది. మేస్త్రి తల గోక్కున్నాడు.

"కొలత తప్పానమ్మా. నాలుగంగుళాలు."

డాక్టరమ్మ పకపకా నవ్వింది. "షోరూమువాళ్లు మా ఇంటి గోడలే వంకరన్నారు. పని మీరే మొదలెట్టండి."

ఆవిడ వెళ్లగానే భార్య దగ్గరికొచ్చింది. "ఏదీ, ఇందాకటి మాట ఇంకోసారి అనండి."

"ఏ మాట?" అంటూనే మేస్త్రి రంపం మిషన్ ఆన్ చేశాడు. అది ఆగేదాకా ఆవిడ చేతులు కట్టుకుని అక్కడే నిలబడింది.