ఊరి పనమ్మాయిలందరూ మాయమైన ఏడు

1984 సెప్టెంబరులో న్యూజెర్సీలోని ఒక కౌంటీ లైబ్రరీలో, వంశచరిత్ర విభాగంలో సహాయకురాలిగా చేరాను. ఆరు నెలలు ప్రొబేషన్. ఆ తరువాత ఉంచుతారో పంపేస్తారో సూపర్‌వైజర్ రాసే రిపోర్టే తేలుస్తుంది. మా సూపర్‌వైజర్ రూత్ గారిది బాపట్ల. నాకు ఇరవై నాలుగేళ్లు. కౌంటర్ దగ్గర నోరు పెగిలేది కాదు. చెప్పాలనుకున్నవన్నీ డైరీలో రాసుకునేదాన్ని.

మా పని పాత రికార్డుల మైక్రోఫిల్ములు అరువు తెప్పించి, పూర్వీకులను వెతుక్కుంటూ వచ్చేవాళ్లకు చూపించడం. రికార్డు చూపించాలి, కథ చెప్పకూడదు. ఈ నియమం నవంబరులోనే తప్పాను.

డోరతీ అనే పెద్దావిడ పూర్వీకులు స్కాట్లండ్‌ వాళ్లు. ఆ శనివారం వాళ్ల వంశమంతా కలుస్తోంది. అక్కడ పంచడానికి ఆవిడ చిన్న పుస్తకం వేయిస్తోంది. మూలపురుషుడు విలియం, భార్య మార్గరెట్. ఆవిడకు తెలిసింది అంతే.

నేను పనివాళ్ల పన్ను జాబితాలు తీశాను. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో అక్కడ ఇంట్లో పనివాళ్లను పెట్టుకుంటే పన్ను కట్టాలి. మొదట మగవాళ్ల మీదే ఉండేది. 1785 నుంచి ఆడవాళ్ల మీదా వేశారు. పొలం పనివాళ్లకు లేదు. పెళ్లికాని మగవాడు పనమ్మాయిని పెట్టుకుంటే రెట్టింపు.

1791 జాబితాలో విలియం దొరికాడు. బ్రహ్మచారి, రెట్టింపు పన్ను, పనమ్మాయి పేరు మార్గరెట్! 1793 ఫిల్ములో మాత్రం ఇద్దరి పేర్లూ లేవు.

“పెళ్లి చేసుకున్నాడండీ! భార్యకు పన్ను ఉండదు కదా!” అనేశాను.

డోరతీ పగలబడి నవ్వింది. పన్ను ఎగ్గొట్టడానికి పెళ్లా, అచ్చం మావాళ్లే అంది. లైబ్రరీ పేరుతో సహా పుస్తకంలో వేస్తానని వెళ్లిపోయింది.

మరునాడు ఉదయం రూత్ గారికి గర్వంగా చెప్పాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని 1793 ఫిల్ము తిప్పారు.

“అమ్మాయ్, మిగతా పనమ్మాయిలు ఏరీ?”

చూశాను. ఊరు మొత్తంలో ఒక్కరూ లేరు.

“మగాళ్లందరూ ఒకే ఇయర్‌లో పనమ్మాయిల్ని మ్యారేజ్ చేసేసుకున్నారా ఏంటి? చర్చి ముందు క్యూ కట్టుంటారు, పాపం!”

ఆడ పనివాళ్ల మీద పన్నును 1792లో ఎత్తేశారు. ఆ సంగతి మా చేతిపుస్తకంలోనే ఉంది. కథ మోజులో ఆ పేజీ తిప్పలేదు.

“ఆవిడకి కాల్ చేయి. మధ్యాహ్నం ప్రింటర్‌కి ఇచ్చేస్తుంది.”

“మీరు చేయరా, రూత్ గారూ?”

“తప్పు నాదైతే నేనే చేసేదాన్ని.”

చెప్పాల్సింది కార్డు మీద రాసుకుని, ఫోన్‌లో చదివేశాను.

“ఇంతకీ చేసుకున్నాడా, లేదా?” అని అడిగింది డోరతీ.

తెలియదని, ఈ రికార్డు ఆ సంగతి చెప్పదని, చర్చి పెళ్లిళ్ల రిజిస్టర్ తెప్పిస్తానని, దానికి మూడు వారాలు పడుతుందని చెప్పాను.

“అయితే ప్రశ్నార్థకం పెట్టేస్తాలే. మావాళ్లు సాయంత్రం దాకా పోట్లాడుకోవడానికి పనికొస్తుంది.”

రిజిస్టర్ వచ్చింది. మాకు కావలసిన పేజీలు తడిసి చెరిగిపోయాయి. ప్రశ్నార్థకం అలాగే మిగిలింది.

మార్చిలో రూత్ గారు నా రిపోర్టులో రెండే వాక్యాలు రాశారు: తక్కువ మాట్లాడుతుంది. తన తప్పుకు తానే ఫోన్ చేస్తుంది. ఉద్యోగం నిలిచింది.

ఆ తరువాత ఏ జాబితాలోనైనా ఒక పేరు కనబడకపోతే, ఆ మనిషికి ఏమైందో ఊహించే ముందు, ఆ ఏడు పన్నువాళ్లు అసలు అలాంటివాళ్ల గురించి అడిగారా అని చూసుకునేదాన్ని.