వరిచేలో హనోకు గొంతు

మా ఇంట్లో మా ఆయన హనోకు గొంతు లేదు. ఫోటోలు ఉన్నాయి. పెళ్ళి ఫోటో ఉంది. రికార్డింగు షాపు తెరిచిన రోజున చేతిలో రిబ్బను కోసే కత్తెరతో, ఎటు చూడాలో తెలియక నిలబడ్డ ఫోటో ఉంది. గొంతు మాత్రం లేదు. ఆయన పోయి ఏడాది కావస్తుంటే పాస్టర్ జ్ఞానప్రకాశం గారు ఇంటికి వచ్చి, జ్ఞాపకార్థ కూడికకు ఆయన మాటో పాటో ఏదైనా ఉంటే తీసి ఉంచమన్నారు. చివరి ప్రార్థనకు ముందు పోయినవాళ్ళ గొంతు ఒకసారి వినిపించడం మా సంఘంలో అలవాటు. అలా వినిపించడానికి అందరికీ డిస్కులు రాసి ఇచ్చింది హనోకే.

పాస్టర్ గారు వెళ్ళాక బీరువా వెతికాను. షాపు సామాను కట్టిన అట్టపెట్టెలు విప్పి చూశాను. అందరి గొంతులూ ఉన్నాయి. ఆయనది లేదు. అప్పుడు కూడా నాకు ఏడుపు రాలేదు. పెట్టెలు మళ్ళీ కట్టేసి అన్నం వండాను.

హనోకు మొదట్లో క్యాసెట్ల మనిషి. అనకాపల్లి స్టేషన్ దారిలో చిన్న గది, రెండు టేపు రికార్డర్లు, ఒక మైకు. పెళ్ళి పాటలు, క్రిస్మస్ నాటకాలు, గుండెకు తప్పెట కట్టుకుని గెంతుతూ పాడే తప్పెటగుళ్ళ దళాల పాటలు, ఎవరేది తెచ్చినా రికార్డు చేసి ఇచ్చేవాడు. 2001లో విశాఖపట్నం వెళ్ళి ఒక కంప్యూటరు తెచ్చాడు. అందులో డిస్కుల మీద పాటలు రాసే సీడీ రైటర్ ఉంది. అప్పటికి మా వీధిలో ఎవరూ అలాంటిది చూడలేదు. మీట నొక్కితే పళ్ళెం బయటికి వస్తుంది, డిస్కు పెడితే లోపలికి పోతుంది, చిన్న ఎర్రదీపం మినుకుమంటుంది. అంతే. కాని అది చూడటానికి జనం వచ్చేవారు.

బెల్లం మార్కెట్లో కాటా దగ్గర పనిచేసే బంగారయ్య రోజూ వచ్చి బల్ల పక్కన కూర్చునేవాడు.

"ఏటి బావా, పెనం మీద అట్టేసినట్టు తిప్పుతన్నావు?"

"పాట రాత్తన్నాను. బల్లమీంచి చెయ్యి తియ్యి."

"సెయ్యెడితే ఏటవుద్ది?"

"మాడిపోద్ది."

"అట్టే అన్నమాట."

మాడిపోవడం నిజమే. రాస్తుండగా కరెంటు పోయినా, బల్ల గట్టిగా కదిలినా డిస్కు పాడైపోతుందని హనోకు భయం. పాడైన డిస్కును మళ్ళీ వాడటానికి లేదు. అందుకని స్టేషన్ వైపు నుంచి గూడ్సు బండి చప్పుడు వినిపిస్తే, అది పూర్తిగా వెళ్ళిపోయేదాకా మీట నొక్కేవాడు కాదు. రాయడం మొదలుపెట్టాక షాపులో ఎవరూ మాట్లాడకూడదు. ప్రార్థనలో కూర్చున్నట్టు కూర్చోవాలి. బంగారయ్య కూడా నోరు మూసుకుని దీపం వైపు చూసేవాడు. పాడైన డిస్కులను ఆటోవాళ్ళు అడిగి పట్టుకుపోయి వెనకాల కట్టుకునేవారు. ఎండ పడితే తళుక్కుమనేవి.

ఆయనకు రెండు అలవాట్లు ఉండేవి. రెండూ ఆయన కనిపెట్టుకున్నవే.

మొదటిది, ప్రతి డిస్కు మొదట్లోనూ తన గొంతుతో నాలుగు ముక్కలు చెప్పేవాడు. ఎవరి పాట, ఏ ఊరు, ఏ రోజు, బయట ఎలా ఉంది. గుడిలో ప్రకటనలు చదివినట్టు చెప్పేవాడు. పట్నం వాళ్ళకు అది నచ్చేది కాదు. "మా పెళ్ళి సీడీలో మీ గొంతెందుకండీ" అనేవారు. ఆయన ఆ ముక్క తీసేసి వేరే డిస్కు రాసి ఇచ్చేవాడు. పల్లెల వాళ్ళు ఎవరూ తీసెయ్యమనలేదు.

రెండోది, డిస్కును మూసేవాడు కాదు. పాటలన్నీ రాశాక, ఇక ఇందులో ఏమీ ఎక్కించేది లేదని కంప్యూటర్‌తో చెప్పాలి. దాన్ని మూయడం అంటారు. అలా మూస్తేనే అది ఇళ్ళల్లో ఉండే ప్లేయర్లలో పాడుతుంది. మూయకపోతే రైటర్ ఉన్న కంప్యూటర్లోనే పాడుతుంది. హనోకు దాన్ని తెరిచే వదిలేసేవాడు. ఒకసారి ఎందుకని అడిగాను.

"రెండు పాటలే తెచ్చేరు మేరీ. ఇంకా బోలెడు జాగా ఉంది. మళ్ళీ తెత్తారు."

"తేకపోతే?"

"తెత్తార్లే."

అప్పట్లో ఎవరి ఇంట్లోనూ ప్లేయరు లేదు కాబట్టి ఇబ్బంది రాలేదు. వినాలనుకుంటే షాపుకే వచ్చి వినేవారు. తర్వాత అందరూ ప్లేయర్లు కొన్నారు. డిస్కు పెడితే పాట రాలేదు. పట్నం వాళ్ళు వచ్చి దెబ్బలాడితే మూసి ఇచ్చాడు. పల్లెల వాళ్ళు రాలేదు. డిస్కు పాడైపోయింది కాబోలు అనుకున్నారు. తర్వాత ఫోన్లలోకే పాటలు వచ్చాయి. షాపుకు వచ్చేవాళ్ళు తగ్గారు. ఒక మధ్యాహ్నం హనోకు షాపులో కుర్చీలోనే గుండె ఆగి పోయాడు. టీ తెచ్చిన బంగారయ్య, డిస్కు రాస్తున్నాడేమో అనుకుని, మాట్లాడకుండా చాలాసేపు పక్కనే కూర్చున్నాడట.

పెట్టెలు కట్టేసిన మర్నాడు నాకు ఆ ప్రకటనలు గుర్తొచ్చాయి. మా పెట్టెల్లో ఉన్నవి ఆ ముక్క తీసేసి రాసిన డిస్కులే, కంప్యూటర్లో ఉన్నవి జాగా కోసం ఎప్పటికప్పుడు చెరిపేసేవాడు. ఆయన గొంతు ఉంటే పల్లెల్లోనే ఉండాలి. బంగారయ్యను అడిగాను. అతను కొండకర్లలో ఒకరిని, గవరపాలెంలో ఒకరిని వాకబు చేశాడు. ఒకరి డిస్కు ఇల్లు మారినప్పుడు పోయింది. ఇంకొకరిది పిల్లలు చక్రం చేసుకుని విరగ్గొట్టారు. మూడోసారి, "కసింకోటలో సూర్యనారాయణని ఉండీవోడు, తప్పెటగుళ్ళు ఆడీవోడు. ఆ ముసలాయన పోయేడు గానీ ఆళ్ళింట్లో ఉండొచ్చు. ఎల్లి సూడండి టీచరుగారూ" అన్నాడు.

శనివారం ఒంటిపూట బడి అయ్యాక షేర్ ఆటో ఎక్కి కశింకోట వెళ్ళాను. సూర్యనారాయణ భార్య పైడితల్లి అరుగు మీద చింతపండు గింజ తీస్తోంది. కొడుకు నానాజీ నన్ను గుర్తుపట్టాడు.

"సీడీల మాస్టారి ఇంటావిడ టీచరుగారు కదండీ. రండి. మాస్టారు పోయేరని ఇన్నాను. రాలేపోయేను."

నేను వచ్చిన పని చెప్పాను. నానాజీ తల్లి వైపు చూశాడు.

"ఉంది గానండీ, ఇంట్లో నేదు."

"ఎక్కడుంది?"

"సేలో ఉందండీ. పిట్టలకి కట్టేము."

పైడితల్లి చింతపండు పక్కన పెట్టింది. "టీవీ కాడ ఎట్టి సూసేమమ్మా. మాటా నేదు, పాటా నేదు. దాంతోపాటిచ్చిన టేపేమో అంతకుముందే నలిగిపోనాది. పాడైపోనాదనుకుని ఈడు అట్టుకుపోయి కట్టేసేడు."

"పాడవలేదు. ఆయన మూయలేదు, అంతే" అన్నాను.

"మూతేటమ్మా?"

ఎలా చెప్పాలో తెలియక, మా కంప్యూటర్లో అయితే పాడుతుందన్నాను. ఆమె లేచి నిలబడింది. "అయితే మా ముసలాయన కూడా అందులో ఉన్నట్టేనా" అంది. ముందు డిస్కు చూద్దామన్నాను. ఎండలో కట్టిన డిస్కులో ఏం మిగులుతుందో నాకు తెలుసు. షాపు అద్దం దగ్గర ఎండ తగిలేలా పెట్టిన డిస్కులు కొన్నాళ్ళకు తెల్లబడి మూగబోవడం చూశాను.

నానాజీ వెంట చేనికి వెళ్ళాం. వరి పొట్టమీద ఉంది, కంకి బయటికి రాబోతోంది. కర్రల మధ్య లాగిన తాడుకు నాలుగైదు డిస్కులు వేలాడుతున్నాయి. గాలికి తిరుగుతున్నాయి. అన్నీ ఒక్కలాగే వెలిసిపోయి ఉన్నాయి. పాత లుంగీ గుడ్డ చింపి, మధ్య కన్నంలోంచి దూర్చి, చుట్టూ పెద్ద ముడి వేశాడు నానాజీ.

"ఏది ఏదో తెలీదండీ. మిగతాయి సినిమాలియి."

ముడులు విప్పించాను. మార్కరు సిరా పాటల మీదికి దిగుతుందని భయపడి, హనోకు ఎప్పుడూ కన్నం చుట్టూ ఉండే సన్నని అంచు మీదే రాసేవాడు. మూడో డిస్కుకు గుడ్డ విప్పితే ఆ అక్షరాలు కనిపించాయి. కశింకోట, సూర్యనారాయణ. గుడ్డ కప్పినంత మేర డిస్కు ఇంకా పచ్చగా ఉంది. దాని అవతల తెల్లగా ఉంది.

"నానూ వత్తాను" అంది పైడితల్లి. కొడుకు వద్దంటున్నా వినకుండా ఆటో ఎక్కింది. డిస్కును ఆమే చీర చెంగులో చుట్టి పట్టుకుంది.

ఇంటికి చేరాక, షాపు నుంచి తెచ్చిపెట్టిన కంప్యూటరు మీద కప్పిన దుప్పటి తీశాను. ఆయన పోయాక దాన్ని వెయ్యలేదు. పళ్ళెం బయటికి రాలేదు. దానికి ముందు వైపు చిన్న రంధ్రం ఉంటుంది. అందులో గుండుసూది గుచ్చి హనోకు లాగేవాడు. నేనూ అలాగే లాగాను. డిస్కు పెట్టాను. లోపల గిర్రున తిరిగి, ఆగి, మళ్ళీ తిరిగింది. దీపం చాలాసేపు మినుకుమంది. నానాజీ ఏదో అనబోతే పైడితల్లి చేత్తో ఆపింది. మాట్లాడకూడదని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

రెండు వరసలు తెర మీదికి వచ్చాయి. మొదటిది నొక్కాను.

ముందు గూడ్సు బండి చప్పుడు. అది తగ్గుతూ తగ్గుతూ పోయింది. తర్వాత చిన్న దగ్గు.

"కశింకోట వాస్తవ్యులు సూర్యనారాయణ గారు పాడుచున్న పాట. ఈ రోజు బుధవారం. బయట మబ్బుగా ఉన్నది. బంగారయ్య బావ పక్కనే ఉన్నాడు, మాట్లాడకుండా ఉన్నాడు."

అంతే. ఏదో అవుతుందని అనుకున్నాను. ఏమీ కాలేదు. ఫ్యాను తిరుగుతోంది. గుండుసూది ఇంకా నా చేతిలోనే ఉంది.

రెండోది నొక్కాను. తప్పెట మీద దెబ్బ, వెంటనే ముసలి గొంతు. పైడితల్లి నేల మీద కూర్చుండిపోయింది. పల్లవి వచ్చింది, మొదటి చరణం వచ్చింది. తర్వాత గొంతు తెగి, ఇసుక రాలినట్టు చప్పుడు మొదలైంది. అది తప్ప ఇంకేమీ రాలేదు. మళ్ళీ ప్రయత్నించినా అక్కడికే వచ్చి ఆగింది. డిస్కు మీద పాట కన్నం దగ్గర మొదలై బయటి అంచు వైపు రాసుకుపోతుంది. గుడ్డ కప్పినంత వరకే పాట ఉంది.

నానాజీ తల దించుకున్నాడు. "నానే కట్టేనమ్మా" అన్నాడు.

పైడితల్లి కొంగుతో ముక్కు తుడుచుకుంది. "పోన్లేరా. రెండో సరణం ఆయనకీ ఎప్పుడూ వచ్చీది కాదు. అక్కడికొచ్చీసరికి గెంతీసి తప్పించేసీవోడు."

నానాజీ నవ్వాడు. ఆమె నవ్వలేదు. మళ్ళీ వేయమంది. వేశాను.

మిగిలినంతా కంప్యూటర్లోకి ఎక్కించి వాళ్ళకు కొత్త డిస్కు రాయడానికి కూర్చున్నాను. హనోకు భోజనానికి వెళ్ళినప్పుడు షాపులో నేనే రాసేదాన్ని, కాబట్టి చేతులకు గుర్తుంది. ముందున్న మాటలు తీసెయ్యమంటారా అని అడిగాను. అందరినీ అడిగినట్టే అడిగాను.

"ఎందుకమ్మా తియ్యడం? మీ ఆయన సెప్తేనే కదా మా ఆయన పాడతాడు" అంది పైడితల్లి.

డిస్కును మూయాలా వద్దా అని కంప్యూటరు అడిగింది. మూయమన్నాను. అది వాళ్ళ ఇంట్లో పాడాలి. దీపం ఆరాక డిస్కు ఇస్తే, పైడితల్లి దాన్ని మళ్ళీ చెంగులో చుట్టుకుంది. ఆటోలో ఎండ పడని వైపు కూర్చుంటానని కొడుకుతో చెప్పింది.

వాళ్ళు వెళ్ళాక ఇంకో డిస్కు పెట్టాను. అందులో ఆయన ప్రకటన ఒక్కటే రాశాను. మూయాలా అని మళ్ళీ అడిగింది. మూస్తే గుడిలో ప్లేయరులో కూడా వినిపిస్తుంది. ఇంకా బోలెడు జాగా ఉంది. వద్దన్నాను. పళ్ళెం దానంతట అదే బయటికి వచ్చింది. సూది అవసరం లేకపోయింది.

కూడిక రోజున పాస్టర్ గారు నా దగ్గరికి వచ్చి, "దొరికిందా అమ్మా?" అని అడిగారు.

"దొరికిందండి. మా ఇంట్లోనే పాడుతుంది."

ఆయన తలూపారు. ముందుకు వెళ్ళి చివరి ప్రార్థన మొదలుపెట్టారు. వెనక బెంచీలో బంగారయ్య చేతులు కట్టుకుని, మాట్లాడకుండా కూర్చున్నాడు.