బెల్లం తింటే పోని దగ్గు

ఆ పిల్ల మా మిల్లులో పనిచేస్తోందని ఆ రోజు నేను చెప్పలేదు. పంతులమ్మగారు అడిగింది ఒక్కటే మాట. ఆయ్, చేస్తోందండీ అంటే సరిపోయేది.

తొంభైల్లో, అమలాపురం దగ్గర కాలువ గట్టు పక్కనున్న ఒక పీచు మిల్లుకు నేను మేస్త్రీని. యంత్రం చీల్చి పడేసిన కొబ్బరి పీచును ఆడవాళ్లు దులిపి ఎండబెట్టేవారు. వాళ్లలో ఒకామె, ఇల్లు గడవక, పదకొండేళ్ల కూతుర్ని బడి మానిపించి వెంట తెచ్చుకుంది. పనిలో పెట్టుకున్నది నేనే. ఇద్దరికీ మేలు చేశాననే అనుకున్నాను.

రెండు నెలలు తిరక్కుండానే పిల్లకు దగ్గు పట్టుకుంది. పీచు దుమ్ముకు బెల్లం విరుగుడని మా నమ్మకం. మధ్యాహ్నం అందరితో పాటు ఆ పిల్ల చేతిలోనూ ఒక ముక్క పెట్టేవాణ్ణి. చప్పరిస్తూనే దగ్గేది.

బడి మానేసిన పిల్లల్ని వెతుక్కుంటూ పంతులమ్మగారు వచ్చినప్పుడు, యజమాని ఏమంటాడోనని భయపడ్డాను. "పనికి కాదండీ, వాళ్లమ్మకి క్యారేజీ తెచ్చిందండీ," అన్నాను. పిల్ల నా వైపు ఒకసారి చూసి తల దించుకుంది. ఆవిడ నమ్మి వెళ్లిపోయారు.

ఆ వానాకాలమంతా పిల్ల దగ్గుతూనే ఉంది. కాలువ గట్టు ఎక్కాలంటే మధ్యలో ఆగి ఊపిరి తీసుకునేది.

దీపావళి దాటాక ఆవిడ మళ్లీ వచ్చారు. ఈసారి తిన్నగా పిల్ల దగ్గరకు వెళ్లి, జడలోంచి పీచు లాగి నాకు చూపించారు.

"క్యారేజీలో పీచు కూడా తెస్తుందాండీ మేస్త్రీగారూ?"

ఆడవాళ్లు నవ్వారు. పంతులమ్మగారు తల్లిని ఒప్పించి, ఆ వారంలోనే పిల్లను ఆడపిల్లల హాస్టల్లో చేర్పించారు.

వేసవి సెలవులకు వచ్చినప్పుడు ఆ పిల్ల గట్టు మీద పరుగెత్తుకుంటూ వచ్చింది, ఎక్కడా ఆగకుండా. హాస్టల్లో గుడ్డు పెడుతున్నారని, డాక్టరుగారు చూసి మందులిచ్చారని, ఇప్పుడు దగ్గు లేకుండా నిద్రపోతోందని తల్లి కనబడ్డ వాళ్లందరికీ చెప్పుకుంది. నా గుండెల మీంచి బరువు దిగింది. చెప్పిన అబద్ధం మాత్రం ఒప్పుకోలేదు.

పదేళ్లకు ఆ అమ్మాయి నర్సు చదువు పూర్తిచేసి, తల్లిని చూడటానికి మిల్లుకు వచ్చింది. అప్పటికి దగ్గు నాకు పట్టుకుంది. నేను బెల్లం ముక్క నోట్లో వేసుకోబోతుంటే చూసి నవ్వింది.

"బెల్లానికి పోదండీ అది. మూతికి గుడ్డ కట్టుకోండి. రేపు ఆస్పత్రికి రండి, చూపిద్దాం."

నా ఊపిరి గురించి ఆమె అంత మామూలుగా మాట్లాడేసరికి ఇక దాచలేకపోయాను. బెల్లం పక్కన పెట్టి లేచి నిలబడ్డాను.

"ఆ రోజు పంతులమ్మగారికి అబద్ధం చెప్పేనమ్మా. వానాకాలమంతా నీ చేత దుమ్ము మింగించేను. తప్పు నాది. క్షమించు."