మిల్లు నీళ్లలో నాచు

ఎల్లారెడ్డి నుంచి రోజూ బస్సులో కామారెడ్డి వెళ్లి కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేదాన్ని. దారిలో ఒక ఉప్పుడు బియ్యం మిల్లు. వడ్లు నానబెట్టి ఉడికించిన నీళ్లు దాని వెనక గుంతలో పులిసి కంపు కొట్టేవి. అలాంటి నీళ్లలో సన్నటి నాచు పెంచవచ్చని, దాని నుంచి డీజిల్‌లా మండే నూనె తీయవచ్చని ఏటా పాఠం చెబుతూనే ఉన్నాను. ఒకరోజు, చేసి చూద్దామని మిల్లు దగ్గర బస్సు దిగేశాను.

విషయం చెబితే మిల్లు యజమాని నవ్వి, రెండు సిమెంటు తొట్లు వాడుకోమన్నాడు. బాయిలర్ చూసే పెద్దాయనను తోడు ఇచ్చాడు. అందరూ ఆయన్ని చాచా అనేవారు.

మా ఊరి మురుగు కాలువలోని నాచును సీసాల్లో పెంచి తెచ్చి తొట్లలో పోశాను. నాలుగో రోజుకే చచ్చిపోయింది. మళ్లీ పోశాను, మళ్లీ అంతే. అయినా ఇది అయ్యే పనేనని నాకు తెలుసు.

చాచా తొట్టిలోకి వంగి చూశాడు. "మేడం, గీ నీళ్లు చిక్కగున్నయ్. ఎండ అడుగుదాక యాడ పోతది? రెండు రోజులు తేరనియ్యిండ్రి. పై నీళ్లు తీసి బోరు నీళ్లు కలుపుదం."

"గంతేనంటరా చాచా?"

"నేను సదువుకోలే. గీ నీళ్లను మాత్రం రోజూ చూస్తున్న."

ఎండ లేనిదే ఆకు బతకదని క్లాసులో చెప్పే నాకు ఆ మాట తట్టనందుకు సిగ్గేసింది. ఆయన చెప్పినట్టే చేసి, మళ్లీ నాచు పోశాం. నీళ్లు కదులుతూ ఉండాలని నేనంటే, చాచా పాత కూలర్ మోటారుకు రేకు ముక్కలు బిగించి తిప్పాడు. వారానికి తొట్టి చిక్కటి ఆకుపచ్చకు తిరిగింది.

పటిక వేసి నాచును అడుక్కి దింపాం. గుడ్డలో వడకట్టి, వడ్ల పక్కనే ఎండబెట్టాం. కాలేజీ ల్యాబులో నూనె తీసి ఇంధనంగా మార్చి, చిన్న సీసాలో మిల్లుకు తెచ్చాను. చాచా అందులో వత్తి వేసి అంటించాడు. మంట నిలకడగా నిలిచింది.

"దీంతోని జనరేటర్ నడుస్తదా?" అన్నాడు యజమాని.

"గీ సీసతోని నడవది. గుంత మొత్తం ఇయ్యిండ్రి, డీజిల్ల కొంత కలుపుకునేటంత తీస్త" అన్నాను.

సగం గుంత ఇచ్చాడు. దాన్ని లోతు లేని మూడు మడులుగా కట్టించాం. రెండు పచ్చబడ్డాయి, మూడోది ఇంకా మొండికేస్తోంది. మొన్న కొత్తగా వచ్చిన హమాలీ ఒకతను అందులో కాళ్లు కడుక్కోబోతే, చాచా ఆపాడు.

"అండ్ల దిగకు బిడ్డా. గది పంట."