తుమ్మచెట్టు మీది పాముల గద్ద

నా పేరు ఈరమ్మ. వయసు ఎనభై దాటింది. ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి పోయే దారిలో మా పల్లె. కొడుకు, కోడలు నాగమ్మ, మనవరాలు మాదేవి... ఇదే నా ఇల్లు. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మాదేవి ఫోన్లో రాస్తోంది.

మా చిన్నప్పుడు... జొన్న కల్లంలో చొప్పకట్టల పక్కన కూర్చుని రాలిన గింజలు ఏరుతున్నాను. తలెత్తితే పెద్ద పక్షి. తెల్లటి పొట్ట, గుడ్లగూబకున్నంత తల, పసుపుపచ్చటి కళ్లు. గాలిలో ఒకేచోట నిలబడి కాళ్లు వేలాడేసింది...

పక్కనే మా కోళ్లు మేస్తున్నాయి. మా నాయన వడిసెలలో రాయి పెట్టి తిప్పబోయాడు. మా అమ్మ ఆయన చెయ్యి పట్టేసింది.

"కొట్టాకు! కోళ్ల గద్దకు తోక సీలి ఉంటాది. దీనికి ఉందా? పాముల గద్ద ఇది. పాప కాడ ఏమో ఉంది!"

ఆ మాటతో నాయన చెయ్యి ఆగిపోయింది. అమ్మ గొంతు తగ్గించి నాతో అంది, "కదలాకు పాపా..."

నా మోకాలి పక్కన చొప్ప గరగరలాడింది. రక్తపింజరి. నా కాలి వేళ్ల ముందు నుంచే జారుకుంటూ పోయింది... బయలు నేల మీదికి పోగానే పక్షి రాయిలా పడింది. మెడ పట్టి నలిపింది, తలవైపు నుంచి మింగింది, లేచిపోయింది. తోక ఇంకా ముక్కులోంచి వేలాడుతూనే ఉంది.

అమ్మ నన్ను చంకనెత్తుకుని అది వాలిన చెట్టు కాడికి పోయి గూడు చూపించింది. ఒక్కటే పిల్ల. తల్లి నోట్లోని ఆ తోక పట్టి లాగి తింటోంది. ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుందట.

ఇప్పుడు అదే జాతి పక్షి మా చేని గట్టున తుమ్మచెట్టు మీద గూడు పెట్టింది. పిల్లకు ఇంకా రెక్కలు రాలేదు. ఊళ్లో కోడిపిల్లలు పోతున్నాయని రేపు పొద్దున ఆ చెట్టు కొట్టేస్తారట. గొడ్డలి పట్టేది మా తమ్ముడి కొడుకు హనుమంతు.

"అత్తా, నీ కండ్లకు పొర వచ్చింది. అది యా గద్దో నీకేం తెలుస్తుంది?" అన్నాడు.

"పొర కండ్లకు వచ్చింది గాని బుద్ధికి రాలేదురా! గూటి కింద ఎతుకుపో. ఒక్క కోడీక దొరికినా గొడ్డలి నేనే పడతా."

నవ్వాడు గాని వెతకడానికి పోలేదు. అందుకే నా మంచం ఆ చెట్టు మొదట్లో వేయించుకున్నాను. కొట్టేవాడు ముందు నన్ను లేపాలి.

మీ చేలలో ఇట్లా గాలిలో నిలబడే పక్షిని చూసినవాళ్లుంటే ఏం తింటుందో ఇక్కడ చెప్పండి. చెట్టు కొట్టేవాళ్లు వచ్చేలోపే చెప్పండి, వాళ్లకు చదివి వినిపిస్తాం.

అప్పట్లో మా తలల మీద ఎగిరే ప్రతిదానికీ మాకు పేరు తెలుసు... ఇప్పుడు అన్నీ గద్దలే. అన్నీ దొంగలే.

ఈరమ్మ వేలిముద్ర
సాక్షులు: కోడలు నాగమ్మ, మనవరాలు మాదేవి